సంఘసేవకు చదువెందుకబ్బా?

బంగారుపాళ్యంలో సంఘసేవకులకు కొరత లేదు. చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో బస్సు నిదానించిన చోటల్లా తలెత్తి చూడండి. పండగకొకరు, పుట్టినరోజుకొకరు, పెద్ద నాయకుడు వస్తున్నాడంటే వరసగా పదిమంది. తెల్లచొక్కా, చేతికి కడియం, చెవి దగ్గర ఫోను, పేరు కింద ‘ప్రముఖ సంఘసేవకులు’. అయ్యా, తమరు ఏ కాలేజీలో చదివారని అడిగిన మొనగాడు ఇంతవరకు లేడు. డాక్టరని బోర్డు పెట్టుకోవాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. నల్లకోటు వేసుకుని వాదించాలంటే బార్ కౌన్సిల్ ఒప్పుకోవాలి. ఆటో తోలాలన్నా లైసెన్సు కావాలి. సంఘసేవకుడికి మాత్రం ఫ్లెక్సీ షాపే కౌన్సిలు, ఫ్లెక్సీ కొలతే పట్టా. పన్నెండడుగులైతే సంఘసేవకుడు. ఇరవై దాటితే ప్రముఖ సంఘసేవకుడు.

ఇంతమంది మహానుభావులున్న చోట, డిగ్రీ పాసైన ఒక ఆడపిల్ల ఇంటికొచ్చి ‘నేను ఎమ్మెస్‌డబ్ల్యూ చేస్తా’ అందనుకోండి. ఏమవుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

‘అదేం చదువుమ్మా?’

‘సోషల్ వర్క్ నాయనా.’

‘సోషలా? అట్లయితే బీఈడీ చెయ్. సోషల్ టీచరు పోస్టన్నా పడతాది.’

పక్కనే ఉన్న మేనమామ ఊరుకుంటాడా? ‘ఊరోళ్ల పన్లు చేసేదానికి గూడా రెండేండ్లు చదవల్నా? దుర్గాబాయమ్మ ఏం ఎమ్మెస్‌డబ్ల్యూ చేసిందని అంత సేవ చేసింది?’ అంటాడు. వసారాలో కూర్చున్న అవ్వ అందుకుంటుంది. ‘పిలకాయలకు కూడు పెట్టేది, ముసిలోళ్లను చూసుకునేది నేను యాభై ఏండ్లుగా చేస్తానే ఉండా. నాకేమన్నా జీతమిచ్చినారా ఎవురన్నా?’

అవ్వకు తెలియదు గానీ, మన ప్రభుత్వాల సంక్షేమ సిద్ధాంతం మొత్తాన్నీ ఆమె రెండు ముక్కల్లో చెప్పేసింది. ఇల్లిల్లూ తిరిగే పని, మనిషి కష్టం వినే పని, పిల్లకు పాలు, బాలింతకు గుడ్డు అందేలా చూసే పని ఆడవాళ్లు ఊరికే చేస్తారు కదా, దానికి జీతమెందుకు? అందుకే దానికి ‘గౌరవ వేతనం’ అని పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు నెలకు 11,500 రూపాయల గౌరవంతో బతకలేక 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగారు. 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. నడుమన జనవరిలో ప్రభుత్వం ఎస్మా, అంటే అత్యవసర సర్వీసుల చట్టం, ప్రయోగించింది. జీతం అడిగినప్పుడు అది ఉద్యోగమే కాదు. పని ఆపినప్పుడు మాత్రం అది లేకపోతే రాష్ట్రం స్తంభించిపోయే అత్యవసర సర్వీసు. అంతకుముందు గ్రామ వాలంటీర్లకూ ఇదే పాఠం చెప్పారు. యాభై ఇళ్లకొకరిని పెట్టి, చేతిలో 5,000 పెట్టి, జీతం పెంచమన్నప్పుడు ఇది ఉద్యోగం కాదు నాయనా, సేవ అన్నారు. ఆ తర్వాత వచ్చినవారు పదివేలు ఇస్తామన్నారు. ఇస్తామన్నవారి చేతికి అధికారం వచ్చింది, వాలంటీర్ల చేతిలో ఉన్న ఐదువేలూ పోయాయి.

మేనమామకు ఒక జవాబు బాకీ ఉంది. దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ ఎమ్మెస్‌డబ్ల్యూ చదవలేదు, నిజమే. కానీ ఆమె ఎమ్మే చదివింది, లా చదివింది, మద్రాసులో కేసులు వాదించింది. ఆంధ్ర మహిళా సభలో ఆడవాళ్లను పోగేసి దండలు వేయించుకోలేదు, మెట్రిక్ పాఠాలు చెప్పించింది. 1953లో కేంద్ర సంఘ సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైంది. సేవకు చదువు అక్కర్లేదని వాదించేవాళ్లు, చదువు కోసం జీవితాంతం పోరాడిన మనిషినే సాక్ష్యానికి పిలవడం మనవాళ్లకే చెల్లింది.

సరే, ఇంట్లో యుద్ధం గెలిచింది పిల్ల. ఇప్పుడు కాలేజీ ఏది? భూగోళం చూస్తే బంగారుపాళ్యం అంత అదృష్టం మరో ఊరికి లేదు. పడమటికి పోతే బెంగళూరు, అక్కడ నిమ్హాన్స్‌లో సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు ఒక విభాగమే ఉంది. తూర్పుకు పోతే మద్రాసు, అక్కడ మేరీ క్లబ్‌వాలా జాదవ్ 1952లో పెట్టిన స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ఉంది. చిత్తూరు దాటితే వేలూరు సీఎంసీ. మన జబ్బులన్నీ పోయేది అక్కడికే. తిరుపతిలో 1954 నాటి ఎస్వీ యూనివర్సిటీ, 1983 నాటి పద్మావతి మహిళా యూనివర్సిటీ, రెండింట్లోనూ సోషల్ వర్క్ విభాగాలున్నాయి. హైదరాబాద్ దాకా పోగలిగితే, 1936లో బొంబాయిలో ఈ చదువును మన దేశానికి తెచ్చిన టాటా ఇన్‌స్టిట్యూట్ వారి క్యాంపస్ ఉంది. ఆ సంస్థ మహత్యమూ చెప్పుకోవాలి. 2024 జూన్‌లో నిధులు రాలేదని వందమందికి పైగా సిబ్బందిని ఒక్క నోటీసుతో ఇంటికి పొమ్మంది. గోల లేవగానే రెండు రోజులకే వెనక్కి తీసుకుంది. కార్మిక సంక్షేమం పాఠానికి ఇంత చక్కని ప్రాక్టికల్ ఇంకెక్కడ చూస్తాం?

ఇన్ని ఉన్నాయి. మన పిల్ల చేరేది మాత్రం చాలాసార్లు వీటిలో దేంట్లోనూ కాదు. హాజరు పట్టించుకోని, కట్టాల్సిన ఫీజు కడితే పరీక్షకు మాత్రం రమ్మనే కాలేజీలో. ‘ఇంట్లోనే ఉండి చేసుకో అమ్మా, ఉద్యోగం చేసుకుంటా కూడా చెయ్యొచ్చు’ అని అడ్మిషన్లు పట్టే ఏజెంటు నవ్వుతాడు. దూరవిద్యలోనూ పద్ధతిగా చేసేవాళ్లున్నారు, ఇగ్నో ఫీల్డ్ వర్క్ లేకుండా పట్టా ఇవ్వదు. నేను చెప్పేది హాజరు పట్టీలో మాత్రమే నడిచే కాలేజీల సంగతి.

సోషల్ వర్క్‌లో అసలు చదువు తరగతి గదిలో లేదు. వారానికి రెండు రోజులు ఆస్పత్రికో, బాలసదనానికో, పేటకో పోవాలి. మనుషులతో కూర్చోవాలి. రాత్రికి రాసుకోవాలి. అది చూసి టీచరు తిట్టాలి. మళ్లీ పోవాలి. దీన్నే ఫీల్డ్ వర్క్ అంటారు. మన గొప్ప కాలేజీల్లో ఈ ఫీల్డు హాస్టల్ గదిలో ఉంటుంది, వర్కు సీనియర్ రికార్డులో ఉంటుంది. క్లయింటు: రాము, 38, కూలి. సమస్య: తాగుడు. చేసింది: నాలుగు సిట్టింగుల కౌన్సెలింగ్. ఫలితం: మానేశాడు. ఈ రాము ఎన్ని బ్యాచ్‌లుగా తాగుడు మానేస్తున్నాడో! 2019 నుంచి ఐదేళ్లు ప్రభుత్వమే షాపులు తెరిచి అమ్మిన రాష్ట్రంలో, నాలుగు సిట్టింగుల్లో మందు మానినవాళ్లందరూ ఎమ్మెస్‌డబ్ల్యూ రికార్డుల్లోనే కాపురముంటున్నారు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తాడు, భోజనం చేస్తాడు, రాము మానేసినందుకు నూటికి ఎనభై వేసి పోతాడు.

థియరీ సంగతి సరేసరి. మేరీ రిచ్‌మండ్ 1917లో అమెరికాలో రాసిన సోషల్ డయాగ్నసిస్ దగ్గర మొదలుపెడతారు. చికాగోలో 1889లో జేన్ ఆడమ్స్ హల్ హౌస్ పెట్టిందని పిల్లలు నిద్రలో అడిగినా చెబుతారు. గొప్ప మనుషులే, చదవాల్సిందే. బంగారుపాళ్యం మార్కెట్ యార్డులో 2025 జులైలో ఏం జరిగిందో మాత్రం ఏ యూనిట్లోనూ లేదు. తోతాపురి మామిడి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు ఎనిమిదిస్తాయి, మేం నాలుగిస్తాం అని ప్రభుత్వం లెక్క చెబితే, ఆ ఎనిమిదే చేతికి రాక రైతు లోడుతో వరసలో నిలబడ్డాడు. మాజీ ముఖ్యమంత్రి వచ్చాడు, పోలీసులు వచ్చారు, రోడ్డు మీద కాయలు పోశారు, ఎవరు పోశారని ఇరవై నాలుగు గంటల ఛానెళ్లు తేల్చే పనిలో పడ్డాయి. కౌలు రైతు పేరు సబ్సిడీ జాబితాకు ఎక్కిందా, ఫ్యాక్టరీ చీటీ ఎవరి పేరు మీద ఉంది, అప్పు ఎవరి దగ్గర ఉంది, ఇంట్లో ఆడమనిషి ఏం తాకట్టు పెట్టింది అని ఇంటింటికీ పోయి అడిగే పనికి ఒక పేరుంది. కమ్యూనిటీ ఆర్గనైజేషన్. రెండో సెమిస్టర్లో పది మార్కుల ప్రశ్న. అందరూ రాస్తారు.

ఇక స్పెషలైజేషన్. ఇక్కడ మన కాలేజీలకు ఒక చిట్కా ఉంది, హెచ్‌ఆర్. సంఘసేవ అని చేర్పించుకుని, రెండో ఏడు కంపెనీ ఉద్యోగిగా బయటికి పంపుతారు. దానికీ ఒక చరిత్ర ఉంది లెండి. 500 మంది కార్మికులున్న ఫ్యాక్టరీలో సంక్షేమ అధికారి ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ చెప్పింది. కొత్త లేబర్ కోడ్ దాన్ని 250కి దించింది. ఆ అధికారి కార్మికుడి తరఫున ఉండాలని చట్టం ఉద్దేశం. జీతమిచ్చేది యజమాని. ఎవరి తరఫున ఉంటాడో తేల్చడానికి ఎమ్మెస్‌డబ్ల్యూ అక్కర్లేదు.

మానసిక ఆరోగ్యం వైపు పోదామంటారా? ఇది వినండి, నవ్వాపుకోండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే ఎమ్మెస్‌డబ్ల్యూ తర్వాత రెండేళ్ల ఎంఫిల్ ఉండాలి. పార్లమెంటు చేసిన చట్టం, కాదనేవాడు లేడు. 2022 నవంబరులో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చి దేశంలో ఎంఫిల్‌నే ఎత్తేసింది. ఒక చేత్తో ఈ డిగ్రీ లేకపోతే లోపలికి రావద్దని బోర్డు పెట్టి, ఇంకో చేత్తో ఆ డిగ్రీ ఇచ్చే కిటికీ మూసేశారు. తర్వాత ఎవరో గుర్తుచేస్తే నాలుక్కరుచుకుని, ఈ కోర్సుకూ క్లినికల్ సైకాలజీకీ 2025–26 దాకా అని గడువిచ్చారు. చట్టానికి గడువు లేదు, చదువుకే ఉంది.

బంగారుపాళ్యం పక్కనే ఇంకో వింత జరిగింది. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ వే మన మండలం మీదుగానే పోతోంది. భూమి తీసుకునే ముందు ఆ ఊరి బతుకు మీద పడే దెబ్బ ఎంతో అంచనా వేయాలని, ఆ అంచనాను చూసే నిపుణుల బృందంలో సామాజిక శాస్త్రవేత్తలుండాలని 2013 భూసేకరణ చట్టం చెప్పింది. మన పిల్లలకు ఇంతకన్నా మంచి పనేముంటుంది? అదే చట్టం నాలుగో షెడ్యూల్‌లో జాతీయ రహదారుల చట్టాన్ని పెట్టి, రోడ్లకు ఆ అంచనా అక్కర్లేదని మినహాయించింది. ఎవరి చేను పోయింది, ఎవరి బావి పోయింది, పరిహారం డబ్బు ఏ కొడుకు బుల్లెట్ బండయింది అని లెక్కరాసే ఉద్యోగం పుట్టకముందే పోయింది.

ఇవన్నీ దాటుకుని పట్టా పుచ్చుకుంటే దొరికేది జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో కాంట్రాక్టు ఉద్యోగం. మిషన్ వాత్సల్య పథకం లెక్కలో సోషల్ వర్కర్ జీతం నెలకు 18,536 రూపాయలు. బాల్యవివాహం ఆపాలి, పారిపోయిన పిల్లను తేవాలి, అర్ధరాత్రి పోలీస్ స్టేషన్‌కు పోవాలి, ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగింపు కోసం కలెక్టరేట్ మెట్లెక్కాలి. ఆ పెళ్లి ఆపడానికి పోయినప్పుడు వసారాలో పెద్దమనిషి కుర్చీలో కూర్చుని ‘చూసీచూడనట్టు పోమ్మా’ అనేది ఎవరనుకున్నారు? చాలాచోట్ల ఫ్లెక్సీలోని ప్రముఖ సంఘసేవకుడే.

పోనీ ఫీజన్నా తగ్గిందా అంటే, 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయింది. పేదల కోసం పనిచేసే చదువు పేదపిల్లకు అందకపోవడం మన దగ్గర కొత్తేమీ కాదు కాబట్టి ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు.

ఇంత చెప్పాక కూడా ఆ పిల్ల పోతానంటే? పోనివ్వండి, ఆపకండి. వేలూరు సీఎంసీలో బిల్లు చూసి గుడ్లు తేలేసిన మన మనిషి పక్కన కుర్చీ లాక్కుని, ఇంట్లో ఎంతమంది, ఎంత భూమి, ఎంత అప్పు అని అడిగి, ఆ బిల్లులో కొంత తగ్గేలా కాగితం రాసేది ఒక సోషల్ వర్కరే. ఆ కాగితం విలువ బంగారుపాళ్యంలో చాలా ఇళ్లకు తెలుసు. ఆ కుర్చీలో కూర్చోవాలంటే చదవాల్సిందే, అదీ మంచి చోట చదవాల్సిందే.

అందుకని తల్లిదండ్రులకు ఒక మనవి. అడ్మిషన్‌కు పోయినప్పుడు బిల్డింగు ఎన్నంతస్తులు, హాస్టల్లో గీజరుందా, ర్యాంకు ఎంత అని అడగండి, తప్పులేదు. తర్వాత ఇంకో మాట అడగండి. పోయిన ఏడు మీ పిల్లలు ఫీల్డ్ వర్క్ ఏ ఊర్లో, ఏ ఆస్పత్రిలో చేశారు? వాళ్లతో ఏ సారు పోయాడు? ఆ సారు ఫోన్ నంబరు ఇవ్వండి, మాట్లాడతాం. నంబరు ఇస్తే ఫీజు కట్టండి. ‘అవన్నీ మేం చూసుకుంటాం లెండి’ అన్నారంటే, ఇచ్చిన సర్టిఫికెట్లు వెనక్కి తీసుకుని వచ్చిన బస్సే ఎక్కండి.