తండా పిల్లకి తాజ్‌మహల్

విదేశం నుంచి దత్తత తెచ్చుకున్న బిడ్డకి దాని సంస్కృతి దానికి అందించాలని అమెరికా దంపతుల తాపత్రయం ఇంతా అంతా కాదు. అందుకోసం వేసవిలో క్యాంపులున్నాయి. చేతికి మెహందీ, కాలికి బాలీవుడ్ డాన్సు, నోటికి బటర్ చికెన్, గోడకి తాజ్‌మహల్. పిల్లేమో దేవరకొండ వైపు ఏ లంబాడా తండాలోనో పుట్టి ఉంటుంది. ఆదివారం సాయంత్రానికి భారతదేశం అయిపోతుంది. సోమవారం బడిలో ఆ రంగు పిల్ల అదొక్కతే. ‘మేం రంగు పట్టించుకోం’ అంటారు అమ్మానాన్నలు, గొప్పగా. పట్టించుకునే పని క్లాసులో పిల్లలు చూసుకుంటున్నారు కదా!

దొరల్ని చూసి నవ్వుకునే హక్కు మనకుందా? 1999లో ఓసారి, 2001లో మరోసారి మన గుట్టే రట్టయింది. తండాల్లో ఆడశిశువుల్ని కొనడం, కాగితాలు తారుమారు చేయడం, విమానం ఎక్కించడం. పిల్ల ఊరూ పేరూ మాయం చేసింది దొరసాని కాదు, హైదరాబాద్‌లో బల్ల వెనక కూర్చున్న మనవాడే. బిడ్డ పుట్టుపూర్వోత్తరాలు భద్రపరచాలని 1993 నాటి హేగ్ దత్తత ఒప్పందం చెప్పింది. 2003లో మన దేశమూ సరేనంది. భద్రతకేం లోటు? అసలు రాయని వివరాన్ని చెదలు కూడా తినలేవు.

ఆ పిల్లలకిప్పుడు పాతికేళ్లు. వాళ్లలో ఒకతె తల్లిని వెతుక్కుంటూ వచ్చిందనుకోండి. ‘మా తెలుగమ్మాయే!’ అని పట్టుచీర కట్టి, బిర్యానీ పెట్టి, చార్మినార్ ముందు ఫొటో తీస్తాం. తల్లి మాట్లాడేది గోర్‌బోలి అని ఎవరికీ గుర్తు రాదు. ఆ మాట నోట వచ్చినందుకు తండా పిల్లల్ని మన బళ్లలో వెక్కిరించిన సంగతి అసలే గుర్తు రాదు. తండాల్లో తీజ్ పండక్కి పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో ఎరువు కలిపిన మట్టి పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాడుతూ నీళ్లు పోస్తారు. మొలక ఏపుగా వస్తే ఆ మురిపెమే వేరు. ఆ బుట్ట ఈమె చేతికి ఎన్నడూ రాలేదు.

కాబట్టి క్యాంపు నడిపే దొరలకో విన్నపం. తీజ్ గురించి తండా ఆడవాళ్లనే పిలిచి అడగండి, దారి ఖర్చులిచ్చి, కూలీ కూడా ఇచ్చి. పొరపాటున మమ్మల్ని అడిగారో, కూచిపూడి బృందాన్ని పంపించేస్తాం.