మా రోజుల్లో గేర్‌బాక్స్‌కీ డిప్‌స్టిక్ ఉండేది

బానెట్ ఎత్తితే ఇంజిన్‌కి ఒక డిప్‌స్టిక్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి ఇంకోటి చేతికందేవి. ఈ మాట చెబితే ఇప్పటి కుర్రాళ్లు నమ్మరు. ఇరవై ఏళ్లు దాటిన బెంజి షెడ్డులోకి రాగానే ముందు స్కానర్ తగిలిస్తారు. తెర మీద ఏదో కోడ్ వస్తుంది. అది చూసి "గేర్‌బాక్స్ పోయిందండీ, మార్చాలి" అనేస్తారు. లోపల ఆయిల్ ఎంతుంది, ఏ రంగులో ఉంది, మాడు వాసన వస్తోందా అని చూసేవాడే లేడు.

1995లో పుణె దగ్గర టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) ఆవరణలో మెర్సిడెస్ డబ్ల్యూ124 కార్లు బిగించడం మొదలైంది. మన దేశంలో తయారైన మొదటి బెంజి కారు అదే. అందులో ఆటోమేటిక్ అంటే నాలుగు గేర్ల 722.4. ఆ పెట్టెకి కంప్యూటర్ లేదు. గేరు ఎప్పుడు మారాలో లోపలి ఆయిల్ ప్రెషరు, యాక్సిలరేటర్‌తో కలిసిన ఒక కేబులు, ఒక వాక్యూమ్ గొట్టం కలిసి తేల్చేవి. ఏం చెడినా కంటికి కనబడేది, చేతికి తగిలేది.

ఆయిల్ చూడటానికీ ఒక పద్ధతుండేది. ముందు బండి కాసేపు నడిపి పెట్టె బాగా వేడెక్కనివ్వాలి. సమంగా ఉన్న చోట ఆపి, బ్రేకు తొక్కి, లివర్‌ని ఒక్కో గేరులోకి తెచ్చి మళ్లీ పార్కులో పెట్టాలి. ఇంజిన్ ఆపకూడదు. డిప్‌స్టిక్ లాగి, నూలు పోగులు రాలని గుడ్డతో తుడిచి, మళ్లీ దించి చూడాలి. కింది గీతకీ పై గీతకీ మధ్య తేడా లీటరులో మూడో వంతు కూడా ఉండదు. అంత చిన్న తేడాని పట్టించుకునేవాళ్లం కాబట్టే పెట్టెలు అన్నేళ్లు నడిచాయి. ఎర్రగా, తేటగా ఉంటే సరే. నల్లబడి మాడు వాసన కొడితే క్లచ్ ప్లేట్లు అరుగుతున్నాయని అర్థం. ఎర్రదనం పోయి చిక్కటి గులాబీ రంగు తేలితే రేడియేటర్‌లోని కూలర్ పగిలి నీళ్లు కలిశాయన్నమాట. ఇక ఆ బండి ఒక్క అడుగు కూడా కదలకూడదు. కూలెంట్ తగిలితే ప్లేట్ల మీది పూత ఊడిపోతుంది.

గేరు మారినప్పుడల్లా బండి కుదుపుతూ, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తోందని ఎవరైనా వస్తే మేం పెట్టె దించేవాళ్లం కాదు. పక్కన గుండ్రంగా ఉండే వాక్యూమ్ మాడ్యులేటర్ దగ్గర గొట్టం పీకి చూసేవాళ్లం. గొట్టంలో ఎర్ర ఆయిల్ తడి ఉంటే లోపలి పొర చిరిగినట్టే. ఇంజిన్ ఆ దారిన గేర్ ఆయిల్ పీల్చి కాలుస్తోంది, పొగ అందుకే. ఆ చిన్న భాగం మార్చి, తగ్గిన ఆయిల్ నింపితే బండి ఆ సాయంత్రానికే ఇంటికి వెళ్లేది. అదే లక్షణాలతో ఇప్పుడు వస్తే పెట్టెతో పాటు ఇంజిన్‌కి కూడా ఎస్టిమేట్ వేసేస్తారు.

ఆయిల్ మార్చడం కూడా పూర్తిగా మార్చడమే. పాన్ విప్పితే దిగేది కొంతే. చాలా ఆయిల్ టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. దానికి వేరే డ్రెయిన్ ప్లగ్ ఉండేది. ఇంజిన్‌ని ముందు నుంచి స్పానర్‌తో కొంచెం కొంచెం తిప్పుతుంటే ఆ ప్లగ్ కింది కిటికీలోకి వచ్చేది. తర్వాత పాన్ అడుగు పరిశీలించేవాళ్లం. సన్నటి బూడిదరంగు మడ్డి మామూలే. మెరిసే లోహపు ముక్కలు కనబడితే ఓనరుని పిలిచి చూపించేవాళ్లం.

తర్వాత 1996 ప్రాంతంలో ఐదు గేర్ల 722.6 వచ్చింది. మెత్తగా గేర్లు మార్చే గట్టి పెట్టె, దాన్ని తక్కువ చేయను. కానీ డిప్‌స్టిక్ గొట్టం ఉంచి డిప్‌స్టిక్ తీసేశారు. మూతకి తాళంలా ప్లాస్టిక్ ముక్క బిగించారు. ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదన్నారు. మరి కొన్నేళ్లకి 60,000 కిలోమీటర్లకి ఒకసారి మార్చమని ఆ కంపెనీయే సర్వీసులో చేర్చింది. కన్వర్టర్ ప్లగ్ కూడా తర్వాత తీసేశారు. ఖరీదైన కార్లకి గేర్‌బాక్సులు చేసిచ్చే జెడ్ఎఫ్ సంగతీ చూడండి. ఆ పెట్టెలు పెట్టుకున్న కార్ల కంపెనీలు కొన్ని ఆయిల్ మార్చనక్కర్లేదంటాయి. పెట్టె చేసిన జెడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకి మార్చమంటుంది. చేసినవాడి మాట వినాలా, అమ్మినవాడి మాట వినాలా?

మాకు తెలిసిన డాక్టరుగారి బెంజి, ఆ 722.6 పెట్టె ఉన్న డబ్ల్యూ210, ఒకరోజు రెండో గేరులో ఇరుక్కుపోయింది. ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌లో స్కానర్ తగిలించి చూసి, పెట్టె మొత్తం మార్చాలని చెప్పి పంపారు. మేం బండి కిందకి దూరి, పెట్టె పక్కనున్న 13 పిన్నుల ప్లగ్ పీకాం. లోపలంతా ఆయిల్ తడి. ఆ ప్లగ్‌కుండే రబ్బరు రింగులు వయసు మీద గట్టిపడితే ఆయిల్ బయటికొస్తుంది. వైర్లలోంచి పైకి పాకి గేర్‌బాక్స్ కంప్యూటర్ దాకా చేరుతుంది. ప్లగ్ కొత్తది వేసి, కంప్యూటర్ పిన్నులు శుభ్రం చేసి, ఫిల్టర్, ఆయిల్ మార్చాం. అంతే, గేర్లన్నీ పడ్డాయి. స్కానర్ అబద్ధం చెప్పలేదు. ఎక్కడ తేడా ఉందో చూపించింది. ఆ చోట చెయ్యి పెట్టి చూసే ఓపిక వాళ్లకి లేకపోయింది.

నా కోపం యంత్రం మీద కాదు. చూసే అలవాటు పోగొట్టారే, దాని మీద. ఓనరుకి చూసే దారి మూసేశారు, మెకానిక్‌కి చూడాల్సిన పని లేదన్నారు. గేర్‌బాక్స్ ప్రాణమంతా ఆయిల్‌లోనే ఉంది. మే నెల ఎండలో, హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ ఉడికిపోయే ఆయిల్ జీవితాంతం ఎలా ఆగుతుంది?

పాత బెంజి ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఒకటే. 60,000 దాటకుండా ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. కంపెనీ చెప్పిన నంబరు ఆయిలే పోయించండి. పాన్ విప్పేటప్పుడు పక్కనే నిలబడి పాత ఆయిల్ చూపించమనండి. పెట్టె మార్చాలని ఎవరైనా అంటే, ఏ భాగం పోయిందో విప్పి చూపించమని అడగండి. చూపించలేనివాడికి బండి తాళం ఇవ్వకండి.