దొరగారి జైలు లెక్కలు

బ్రిటన్ జైలు నుంచి బయటపడాలంటే సొరంగం తవ్వక్కర్లేదు. ఊచలు కొయ్యక్కర్లేదు. దుప్పట్లు ముడేసి గోడ దిగక్కర్లేదు. బుద్ధిగా కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు కాగితం తప్పు చదివి, గేటు తీసి, దగ్గరుండి సాగనంపుతారు. 2025 మార్చితో ముగిసిన ఏడాదిలో ఇంగ్లండ్, వేల్స్ జైళ్లు ఇలా పొరపాటున వదిలేసిన ఖైదీలు 262 మంది. అంతకు ముందు ఏడాది 115 మందే. ఒక్క ఏడాదిలో రెట్టింపు దాటిన ఇలాంటి వృద్ధి రేటు ఆ దేశ ఆర్థిక మంత్రికి కలలో కూడా కనిపించి ఉండదు.

2025 అక్టోబర్ 24న చెల్మ్స్‌ఫర్డ్ జైలు చేసిన ఘనకార్యమైతే కథగా రాసినా ఎవరూ నమ్మరు. ఎప్పింగ్‌లో 14 ఏళ్ల బాలికపై లైంగిక దాడి చేసి శిక్ష పడ్డ మనిషిని దేశం నుంచి పంపేయడానికి నిర్బంధ కేంద్రానికి తరలించాలి. తరలించలేదు, వదిలేశారు. సరుకులు దింపడానికి అక్కడికొచ్చిన డెలివరీ డ్రైవర్ ఒకాయన చూసింది చూసినట్టు టీవీ వాళ్లకు చెప్పాడు: ఆ మనిషి ఎటు పోవాలో తెలియక మళ్లీ మళ్లీ జైలు దగ్గరికే వచ్చాడట, సిబ్బంది రైల్వే స్టేషన్‌కు దారి చూపించారట. ఎక్కడో తేడా కొట్టిందని గేటు లోపలున్న వాళ్లకన్నా ముందు గేటు బయటున్నవాడికే అర్థమైనట్టుంది. రెండు రోజులు లండన్ అంతా గాలించి పట్టుకున్నారు. తర్వాత చేతిలో 500 పౌండ్లు పెట్టి ఇథియోపియా విమానం ఎక్కించారు. ఎందుకంటే, వెళ్లనని మళ్లీ కోర్టుకెక్కితే అంతకన్నా ఎక్కువ ఖర్చవుతుందట. ఆ పిల్ల కుటుంబానికి ఇందులో నవ్వడానికేమీ లేదు. ఖజానాకు మాత్రం లెక్క సరిపోయింది.

న్యాయ మంత్రి డేవిడ్ లామీ వెంటనే రంగంలోకి దిగారు. ఇంతకు ముందెన్నడూ లేనంత గట్టి తనిఖీలు పెడుతున్నామన్నారు. అవి ఎంత గట్టివంటే, అయిదు రోజులు తిరక్కుండానే లండన్‌లోని వాండ్స్‌వర్త్ జైలు ఇంకొకణ్ణి వదిలేసింది. ఆ సంగతి పోలీసుల చెవిన పడటానికి దాదాపు వారం పట్టింది. మర్నాడు, నవంబర్ 5న, పార్లమెంటులో ప్రతిపక్షం లామీని నిలబెట్టి, ఆశ్రయం కోరి వచ్చినవాళ్లలో ఇంకెవరినైనా ఇలా వదిలారా అని ఒకే ప్రశ్న మార్చి మార్చి అడిగింది. ఆయన అన్నిటికీ సమాధానం చెప్పారు, అడిగినదానికి తప్ప.

అదే జైలు నుంచి అదే వారంలో మరో ఖైదీ కూడా జారిపోయాడు. మోసం కేసులో కోర్టు జైలుశిక్ష వేసింది, కాగితాల్లో మాత్రం శిక్ష అమలు నిలిపివేసినట్టు పడింది. శిక్ష పడ్డ రోజే మనిషి బజార్న పడ్డాడు. మూడు రోజుల తర్వాత తనంతట తానే వచ్చి జైలు గేటు దగ్గర లొంగిపోయాడు. మోసం కేసులో శిక్ష పడ్డవాడే వచ్చి జైలు లెక్క సరిచేయాల్సి వచ్చింది. 2023లో ఇదే జైలు వంటగదిలో పనిచేస్తున్న ఒక మాజీ సైనికుడు సరుకుల లారీ అడుగున తనను తాను కట్టుకుని పారిపోయాడు. పాపం, తొందరపడ్డాడు. రెండేళ్లు ఆగి ఉంటే ముందు గేటులోంచే వెళ్లేవాడేమో.

అసలు ఈ గందరగోళానికి కారణం జైళ్లు కిక్కిరిసిపోవడం. ఖాళీ చేయడానికి 2024 సెప్టెంబర్‌లో కొత్త ఏర్పాటు చేశారు. చాలామంది ఖైదీలు శిక్షలో సగం కాదు, 40 శాతం గడిపితే చాలన్నారు. తొలిరోజే దాదాపు 1,700 మంది బయటికొచ్చారు, కొందరు గేటు బయటే షాంపేన్ సీసాలు విప్పారు. తీరా చూస్తే, ఆ ఏర్పాటులో వదలకూడని 37 మందిని కూడా వదిలేశారు. బాధితుల జోలికి వెళ్లొద్దన్న కోర్టు ఉత్తర్వును మీరినవాళ్లు వీళ్లు. వాళ్లమీద కేసు ఎప్పుడో రద్దయిన చట్టం కింద రాశారు, కొత్త జాబితాలో ఆ పాత చట్టం పేరు లేదు. మరి జాబితా ప్రకారం వాళ్లు యోగ్యులే కదా!

వదలకూడని వాళ్లను ఇంత ఉదారంగా వదిలే తలుపు, వదలాల్సిన వాళ్ల దగ్గరికొచ్చేసరికి తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. ఆండ్రూ మాల్కిన్సన్ చేయని అత్యాచారానికి 17 ఏళ్లు లోపలున్నాడు. ఆ నేరంలో దొరికిన డీఎన్‌ఏ మరెవరిదో అని 2007లోనే అధికారులకు తెలుసు. తప్పుడు శిక్షల్ని తిరగదోడటానికే ఉన్న కమిషన్ అతని అర్జీని రెండుసార్లు తిప్పికొట్టింది. చివరికి 2023 జులైలో శిక్ష కొట్టేశారు. పీటర్ సల్లివన్‌ది ఇంకా పెద్ద కథ. 1986లో బర్కెన్‌హెడ్‌లో జరిగిన హత్య కేసులో లోపలికి వెళ్లినవాడు 38 ఏళ్ల తర్వాత, 2025 మేలో, నిర్దోషిగా బయటికొచ్చాడు. 

ఇక నష్టపరిహారం లెక్క చూడండి. నిర్దోషివని తేలితే సరిపోదు, 2014 నాటి చట్టం ప్రకారం ఆ నేరం చేయలేదని సందేహానికి తావులేకుండా నిరూపించుకోవాలి. అంటే శిక్ష వేసేటప్పుడు ప్రభుత్వం మీదున్న బరువు, డబ్బులిచ్చేటప్పుడు నిర్దోషి నెత్తికెక్కుతుంది. అదీ దాటాక ఒక పరిమితి, ఎన్నేళ్లు పోయినా 13 లక్షల పౌండ్లు దాటి ఇవ్వరు. 38 ఏళ్లకు పంచితే ఏడాదికి 34 వేల పౌండ్ల చిల్లర.

ఇది నయం. 2023 దాకా ఈ పరిహారంలోంచి జైల్లో ఉన్నందుకు బస, భోజనం ఖర్చు కూడా కోసేవాళ్లు! తర్కం ఏమిటంటే: బయటుంటే అద్దె కట్టేవాడివి, కూరగాయలు కొనేవాడివి, కరెంటు బిల్లు చెల్లించేవాడివి. లోపల మేం పోషించాం కాబట్టి ఆ ఖర్చు నీకు మిగిలింది, అది మాకు తిరిగియ్యి. హాస్టల్ వార్డెన్ టీసీ ఇచ్చేముందు మెస్ బకాయి చూసుకున్నట్టన్నమాట. ఏదో జిల్లా గుమస్తా చేసిన లెక్క కాదిది. పత్రికలు పంచే కుర్రవాడి హత్య కేసులో అన్యాయంగా శిక్ష పడ్డ ఇద్దరికి, పోయిన సంపాదన కింద రావలసిన దానిలోంచి 25 శాతం ఈ పద్దు కింద తీసేయడం సబబేనని 2007లో దేశ అత్యున్నత న్యాయస్థానం తీర్పిచ్చింది. మాల్కిన్సన్ విషయంలో జనం ముక్కున వేలేసుకున్నాకే ఈ నిబంధన ఎత్తేశారు. జైల్లో ఎంతమంది ఉన్నారో చెప్పలేని యంత్రాంగం, నిర్దోషి తిన్న రొట్టెముక్కలు మాత్రం ఒక్కటి కూడా వదలకుండా లెక్కపెట్టింది.

ఇదే వ్యవస్థ మన జైళ్లకు పరీక్షలు పెడుతుంది. విజయ్ మాల్యా గుర్తున్నారు కదా. హైదరాబాద్ విమానాశ్రయానికి ఇచ్చిన చెక్కులు బౌన్స్ అయిన కేసులో 2016లో ఇక్కడి కోర్టు దోషి అన్నది, మనిషి మాత్రం అప్పటికే లండన్‌లో ఉన్నారు. ఆయన్ని అప్పగించమని మన ప్రభుత్వం అడిగితే, ఉంచబోయే ముంబయి ఆర్థర్ రోడ్ జైలు గది ఎలా ఉంటుందని 2018లో లండన్ జడ్జి వీడియో అడిగారు. మిట్టమధ్యాహ్నం తీయాలి, టార్చిలైటు వేయకూడదు, సహజమైన వెలుతురు లోపలికి వస్తుందో లేదో కనబడాలి. రవి అస్తమించని సామ్రాజ్యం అని చెప్పుకున్నవాళ్లు, బొంబాయి గదిలో ఎండ పడుతుందా అని ఆరా తీశారన్నమాట.

ఖైదీ హక్కుల దృష్టితో అది న్యాయమైన ప్రశ్నే, కాదనడం లేదు. కానీ ఆ కెమెరాను అటునుంచి ఇటు తిప్పితే? అప్పగింత కేసులో మన వజ్రాల వ్యాపారి నీరవ్ మోదీని ఏళ్ల తరబడి ఉంచింది పైన చెప్పుకున్న వాండ్స్‌వర్త్‌లోనే. 1851లో కట్టారు. 2024లో జైళ్ల ప్రధాన తనిఖీ అధికారి చూసొచ్చి చెప్పిన మాట: ఒక్కరి కోసం కట్టిన గదుల్లో 80 శాతం మంది ఇద్దరేసి సర్దుకుంటున్నారు. పగటిపూట ఏ ఖైదీ ఎక్కడున్నాడో చాలాచోట్ల సిబ్బందే చెప్పలేకపోయారు. అంతకు ముందే, 2023లో, బ్రిటన్ జైళ్ల పరిస్థితి బాగోలేదని జర్మనీ కోర్టు ఒక నిందితుణ్ణి అటు పంపడానికి ఒప్పుకోలేదు. గురివింద గింజకు కింద నలుపుందని జర్మన్‌లో చెప్పించుకోవాల్సి వచ్చింది.

జైళ్ల సంగతి సరే, కోర్టుల్లో ఏం జరుగుతోందంటే, ఏమీ జరగడం లేదు. 2025 సెప్టెంబర్ చివరికి, పెద్ద నేరాలు విచారించే క్రౌన్ కోర్టుల్లో పేరుకున్న కేసులు 80 వేలకు కాస్త తక్కువ. చర్చిల్ పుట్టిన బ్లెన్‌హైమ్ ప్యాలెస్‌లో 2019లో ఎవరో చొరబడి, కళాఖండంగా పెట్టిన 18 క్యారెట్ల బంగారు కమోడ్‌ను ఊడబెరుక్కుపోయారు. దొంగలకు పట్టిన సమయం అయిదు నిమిషాలు. జ్యూరీ తీర్పు వచ్చేసరికి 2025 మార్చి. బంగారం దొరకనే లేదు. పొదుపు పేరుతో 2010 నుంచి సగానికి పైగా మేజిస్ట్రేట్ కోర్టులు మూసేశారు. ఉన్న కోర్టులు కూడా ఏడాదికి ఇన్ని రోజులకు మించి కూర్చోకూడదని ఏళ్లపాటు పరిమితి పెట్టారు. జడ్జి ఉంటాడు, గది ఉంటుంది, బడ్జెట్ ఉండదు. తీరా కోవిడ్ వచ్చి చోటు చాలక సాల్ఫర్డ్‌లో నాటకశాలను అద్దెకు తీసుకుని కోర్టు నడిపారు. నాటకశాలకు పెద్ద తేడా తెలిసి ఉండదు. వేషాలు, విగ్గులు, వాయిదాలు... ప్రేక్షకులకు టికెట్ లేదు, అంతే.

ఈ కొండను కరిగించడానికి లామీ 2025 డిసెంబర్‌లో మందు చెప్పారు. మూడేళ్లలోపు శిక్ష పడే కేసులకు జ్యూరీ అక్కర్లేదు, జడ్జి ఒక్కరే తేల్చేస్తారు. జ్యూరీ లేని విచారణలు మంచివి కావని 2020లో ప్రతిపక్షంలో ఉండగా బహిరంగంగా రాసిన పెద్దమనిషి కూడా లామీయే. కుర్చీ మారితే చూపు మారడం మనకు తెలియనిది కాదు. జ్యూరీ పోతే కేసులు పరుగెత్తుతాయని నిజంగా నమ్మేవాళ్లుంటే మన దేశం రండి, చూపిస్తాం. ఇక్కడ క్రిమినల్ కేసుల్లో జ్యూరీ పద్ధతి 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో పూర్తిగా పోయింది. పెండింగ్ కేసులు అయిదు కోట్లు దాటాయి.

అయితే దొరల న్యాయస్థానం వేగంగా పనిచేయలేదంటే పాపం తగులుతుంది. 2025 సెప్టెంబర్‌లో, నిషేధించిన పాలస్తీనా యాక్షన్ సంస్థకు మద్దతుగా అట్టముక్కలు పట్టుకున్నందుకు పోలీసులు ఒక్కరోజే 850 మందికి పైగా అరెస్టు చేశారు. మూడో రోజుకల్లా లండన్ హైకోర్టు గోడమీద వీధి చిత్రకారుడు బ్యాంక్సీ గీసిన బొమ్మ వెలిసింది: విగ్గు పెట్టుకున్న జడ్జి, కిందపడ్డ నిరసనకారుణ్ణి చేతి సుత్తితో బాదుతుంటాడు. నిజానికి ఇంగ్లండ్ జడ్జీలు సుత్తి వాడరు. అది మన తెలుగు సినిమా జడ్జిగారి సొత్తు. వారసత్వ కట్టడం కాబట్టి గోడ పాత రూపం కాపాడాలంటూ రెండు రోజుల్లో బొమ్మను గీకేశారు, గోడ పాడుచేసిన నేరమేమోనని పోలీసులు దర్యాప్తు కూడా మొదలుపెట్టారు. ఏ వాయిదా లేకుండా, ఏ జ్యూరీ లేకుండా ఆ కోర్టు ప్రాంగణంలో తెమిలిన పని అదే.

ఇక పొరపాటు విడుదలలకు పరిష్కారం కూడా దొరికింది. ఖైదీల కాగితాలు చూడటానికి కృత్రిమ మేధను వాడతామని 2025 నవంబర్‌లో జైళ్ల మంత్రి ప్రభువుల సభలో సెలవిచ్చారు. మనిషి తప్పు చదువుతున్నాడు కాబట్టి యంత్రం చదువుతుంది. మంచిదే. కాకపోతే ఇదే దేశంలో పోస్టాఫీసు వారి హొరైజన్ అనే కంప్యూటర్ లెక్కను నమ్మి 900 మందికి పైగా చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్లను దొంగలని తేల్చారు. వాళ్లలో మన ఉపఖండం నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లూ ఉన్నారు. డబ్బు మేం తియ్యలేదు, మీ కంప్యూటర్ తప్పు చెబుతోంది మొర్రో అని మొత్తుకుంటే కోర్టులు వినలేదు. కంప్యూటర్ సరిగ్గానే పనిచేసిందని ముందే అనుకోవాలి, కాదనేవాడే కారణం చూపాలి అన్నది 1999లో మార్చిన చట్టంతో స్థిరపడిన సూత్రం. ఆ శిక్షలు మూకుమ్మడిగా రద్దు చేయడానికి 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది.

కాబట్టి రేపటి జైలు గేటు దగ్గర సంగతులు ఊహించుకోవడం కష్టమేం కాదు. నన్ను పొరపాటున వదిలారని ఒకడు, నన్ను పొరపాటున ఉంచారని ఇంకొకడు కౌంటర్ దగ్గరికి వస్తారు. తెరమీద చూసి ఇద్దరికీ ఒకే సమాధానం చెబుతారు, కంప్యూటర్‌లో అలా లేదని. వాళ్లు చెప్పేది నిజమేనని తేలిన రోజున, ఆ మధ్యకాలపు భోజనం ఖర్చు ఎవరి పద్దులో రాయాలో మాత్రం ఇప్పుడే తేల్చి పెట్టుకుంటే మంచిది. దొరలు ఆ లెక్క దగ్గర ఎన్నడూ పొరబడలేదు.