ఏ ఎండకా పచ్చగొడుగు

2020 జనవరిలో బ్లాక్‌రాక్ అధిపతి లారీ ఫింక్ కంపెనీల పెద్దలకు ఒక ఉత్తరం రాశారు. వాతావరణానికి ముప్పంటే పెట్టుబడికి ముప్పేనన్నది దాని సారాంశం. సుమారు 7 లక్షల కోట్ల డాలర్ల పరాయి సొమ్ము చూసుకునే పెద్దమనిషి మాటాయె! బోర్డురూములన్నీ ఒక్కసారిగా పచ్చబడ్డాయి.

టెక్సాస్‌కు ఆ పచ్చదనం గిట్టలేదు. వ్యాపారంలో సర్కారు వేలు పెట్టకూడదని చాటుకునే రాష్ట్రమది. అందుకని 2021లో చట్టం చేసి మరీ వేలు పెట్టింది. లక్ష డాలర్లు, ఆపైన ప్రభుత్వ కాంట్రాక్టు కావాలంటే, చమురు, గ్యాస్ కంపెనీలను వెలివేయబోమని కంపెనీ కాగితం మీద రాసివ్వాలంది. 2022లో ‘వెలివేసిన’ సంస్థల జాబితా వెలువడింది. అందులో ఒకే ఒక్క అమెరికన్ పేరు బ్లాక్‌రాక్. చమురు కంపెనీల్లో ప్రపంచంలోకెల్లా పెద్ద మదుపరి బహుశా తానేనని అది అప్పటికే మొత్తుకుంది, పాపం!

శిక్ష కంపెనీలకు, జుల్మానా జనానికి. కొత్త చట్టంతో పెద్ద బ్యాంకులు టెక్సాస్ మున్సిపల్ బాండ్ల వ్యాపారం నుంచి తప్పుకున్నాయి. పోటీ తగ్గి వడ్డీ పెరిగింది. మొదటి ఎనిమిది నెలల అప్పుల మీదే 30 నుంచి 53 కోట్ల డాలర్ల అదనపు భారం పడిందని వార్టన్ స్కూల్ అధ్యయనం లెక్కతేల్చింది. ఇంతా చేసి, గాలిమరల కరెంటులో అమెరికాలో మొదటి స్థానం టెక్సాస్‌దే!

వాల్‌స్ట్రీట్ వీరులేమన్నా తక్కువ తిన్నారా? పర్యావరణం, సమాజం, పాలన చూసి మదుపు చేయడాన్ని చెప్పే ‘ఈఎస్‌జీ’ అనే మాటే ఇక వాడనని ఫింక్ 2023లో ప్రకటించారు. 2024 నవంబరులో ట్రంప్ గెలిచారు. ఆయన ప్రమాణం చేసేదాకా కూడా ఆగకుండా గోల్డ్‌మన్ శాక్స్ మొదలు జేపీ మోర్గాన్ దాకా అమెరికాలోని ఆరు అతిపెద్ద బ్యాంకులూ కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తెస్తామన్న బ్యాంకుల కూటమి ‘నెట్ జీరో బ్యాంకింగ్ అలయన్స్’ నుంచి వరసగా జారుకున్నాయి. ఆ రెండు నెలల్లో భూమి చల్లబడిందా? లేదు, వాషింగ్టన్ వేడెక్కింది. 2025 అక్టోబరుకల్లా అలయన్సే దుకాణం కట్టేసింది.

బ్లాక్‌రాక్ కూడా 2025 జనవరిలో మదుపు సంస్థల నెట్ జీరో కూటమికి నమస్కారం పెట్టింది. జూన్‌లో టెక్సాస్ దాని పేరును జాబితాలోంచి కొట్టేసింది. పెట్టుబడుల్లో రాజకీయం ఉండకూడదని పట్టుబట్టిన నాయకులే ఆ క్షమాభిక్షను తమ ఘనవిజయంగా చెప్పుకున్నారు.