ఓడ మీది అంకెల ఆత్మకథ

నేను ఒక బొగ్గు ఓడ ముందుభాగాన నిలువుగా వేసిన తెల్లటి అంకెల వరుసను. రేవులో నన్ను డ్రాఫ్ట్ మార్కులంటారు. ఓడ అడుగు నుంచి నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో చెప్పడం నా పని. నా మొదటి గుర్తు 4 మీటర్లు, చివరిది 16. ఒక్కో అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు, దాని మీద మరో 10 ఖాళీ. అంకె కింది అంచే అసలు కొలత. అంటే 4, 4.2, 4.4 అంటూ 0.2 పదాంతరంతో ఎక్కే అంకశ్రేఢిని.

నా సూత్రం 4 + (ఎన్ − 1) × 0.2. ఎన్ చోట 1 నుంచి 61 దాకా ఉన్న సహజ సంఖ్యలే చెల్లుతాయి. అదే నా ప్రదేశం. సున్నా పెడితే సూత్రం 3.8 అంటుంది, 62 పెడితే 16.2 అంటుంది. ఆ రెండు చోట్లా రంగే వేయలేదు. సూత్రానికి తన హద్దు తెలియదు, మనమే చెప్పాలి.

ఆస్ట్రేలియా నుంచి కోకింగ్ బొగ్గుతో విశాఖ ఔటర్ హార్బర్‌కి వచ్చాం. సర్వేయరు పడవలో నా దగ్గరికొచ్చాడు, వెంట పని నేర్చుకుంటున్న కుర్రాడు.

"ఏటి, ఎంతుంది?"

"పదమూడు ఆరు సార్."

"ఆరంకె ములిగిపోయింది కదరా! నీరు పైఅంచుకి తగిలితే పదమూడు ఏడు. అల లేచినప్పుడూ దిగినప్పుడూ సూసి సగటు కట్టు."

13.6 నా 49వ పదం, 13.8 నా 50వ పదం. 13.7కి స్థానం కడితే 49.5 వస్తుంది. నాలో అలాంటి స్థానం లేదు. నీరు మాత్రం అక్కడే నిలిచింది! నీటిది తెగని సరళరేఖ, నేను దాని మీది విడి బిందువులను. సూత్రం ఇద్దరికీ ఒకటే, ప్రదేశాలే వేరు. ఇంత ఓడ ఒక్క సెంటీమీటరు అదనంగా మునిగిందంటే పదుల టన్నుల సరుకు. అందుకే ముందు, నడుమ, వెనక, రెండు పక్కలా ఆరు చోట్ల చదివి, నీటి సాంద్రత కూడా చూశాకే బొగ్గు బరువు తేలుస్తారు.

పదో తరగతి పిల్లలూ, ఫలానా సంఖ్య శ్రేఢిలో ఉందా అని అడిగితే ఎన్ విలువ కట్టండి. భిన్నమో, సున్నానో, రుణసంఖ్యో వస్తే లేదని రాయండి. ఎన్‌వ పదం సూత్రం రాసిన ప్రతిసారీ ఎన్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకో పక్కనే రాసిపెట్టండి.