ఇలకోళ్ల ఆసామి

ఇంటి గోడమీద బల్లి కనబడితే చీపురుకట్ట అందుకునే వంశంలో పుట్టి, అమెరికా చేరిన తరువాత కొడుకు పుట్టినరోజుకు బల్లినే డాలర్లు పోసి కొని, దాని ఆకలి తీర్చడం కోసం బట్టలు పెట్టుకునే గదిని పురుగుల శాలగా మార్చుకున్న గృహస్థును ఇలకోళ్ల ఆసామి అని వ్యవహరించవచ్చు. ఇలకోడి అంటే రాత్రివేళ గోడ మూలల్లో రొద చేసే కీచురాయి. లేత గోధుమ రంగులో, అంగుళానికి లోపే ఉండే అకీటా డొమెస్టికస్ అనే ఇంటి ఇలకోడి పాశ్చాత్య దేశాల్లో పెంపుడు బల్లులకూ తొండలకూ కప్పలకూ నిత్యాహారం. దీనిని ఇంట్లోనే సాకేవారు అమెరికా, బ్రిటన్, జర్మనీలలో చాలాకాలంగా ఉన్నారు. డల్లాస్, న్యూజెర్సీల తెలుగు గృహస్థు ఆ సంఘంలో కొత్త సభ్యుడు మాత్రమే.

ఆసామి తొలుత ఆసామి కాడు, వట్టి కొనుగోలుదారు. ఇంటికి వచ్చినది లెపర్డ్ గెకో, అంటే అఫ్ఘానిస్తాన్ నుంచి వాయవ్య భారతం వరకు ఎండునేలల్లో మసలే చిరుతమచ్చల బల్లి. దీనికి కనురెప్పలుంటాయి గాని వేళ్లకు అంటుకునే మెత్తలుండవు. గాజుగోడ ఎక్కలేదు కనుక ఎవరి నెత్తినా పడదు, అందువల్ల పంచాంగంలోని బల్లిపాటు ఫలితాలకు ఆ ఇంట్లో పనిలేదు. అది కదిలే పురుగునే కోరుతుంది. దుకాణం నుంచి సంచిలో తెచ్చిన పురుగులు వారం తిరక్కుండా చస్తుంటే, వెయ్యి చొప్పున పోస్టులో తెప్పించడం మొదలవుతుంది. చలికాలంలో ఆ పెట్టె కాస్తా వాకిట్లో మంచుకు బిగుసుకుపోతే, భార్య వినేటట్టు లెక్కలు గట్టి, "మనమే పెంచుకుంటే పోలా" అనడంతో రోగం ముదిరినట్టు.

పెంపకానికి ముందుగా కావలసినవి కోడిగుడ్ల అట్టలు. ఇలకోళ్లు వాటి గుంటల్లో దాక్కుంటాయి. చోటు ఇరుకైతే, మాంసకృత్తులు తక్కువైతే ఒకదాన్నొకటి తింటాయి కనుక అట్టలు ఎన్ని ఉంటే అంత శాంతి. ఆసామి మాత్రం శుద్ధ శాకాహారి, గుడ్డు గడప దాటి రాని ఇల్లు. అందుచేత అతడు వారాంతాల్లో మిత్రుల ఇళ్లకు వెళ్లి, ఆమ్లెట్ తిన్నవారిని నొప్పించని మాటలతో ఖాళీ అట్టలు అడిగి తెచ్చుకుంటాడు. పక్కింటివారి చెత్తకుండీ కేసి అతడు చూసే చూపులో అసూయ ఉంటుంది.

ఆ తరువాతిది వేడి. ముప్ఫై, ముప్ఫై రెండు డిగ్రీల సెల్సియస్ దగ్గర గుడ్లు రెండు వారాల్లోపు పగిలి, రెండు నెలలు తిరగకుండా పిల్లలు పెద్దవవుతాయి. చల్లని గదిలో అదే పని నెలల తరబడి సాగుతుంది. కరెంటు బిల్లు చూసి కుటుంబం పడుకునే గదుల్లో హీటర్ తగ్గించే ఆసామి, డబ్బాల కింద పరచిన వేడిపట్టీని మాత్రం ముట్టుకోనివ్వడు. ఆకుకూరలు, క్యారెట్ ముక్కలు కడిగి తరిగి వాటికే పెడతాడు. గిన్నెలో నీళ్లు పోస్తే మునిగి చచ్చే అర్భకజీవులు కనుక, నీరు పీల్చి ఉబ్బే జెల్లీ పలుకులు తెప్పిస్తాడు. పురుగు తిన్నదే బల్లికి చేరుతుందన్న సూత్రంపై, వడ్డించబోయే పురుగును ముందుగా మేపడాన్ని గట్ లోడింగ్ అంటారు. కొడుకు ఆ పూట పిజ్జాతో సరిపెట్టుకున్న సంగతి ఆ సూత్రం పరిధిలోకి రాదు.

వడ్డన మరీ చూడదగ్గది. ఇలకోడి ఒంట్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఉత్త పురుగులే మేస్తే బల్లి ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. అందుకని ఆసామి ఆరేడు పురుగులను పాలిథిన్ సంచిలో వేసి, చిటికెడు కాల్షియం పొడి చల్లి, సంచి మూతి పట్టుకుని మెల్లగా కుదుపుతాడు. విభూతి పూసుకున్నట్టు తెల్లబడి అవి బయటికి రాగానే బల్లి తోక కొస ఆడిస్తుంది, ఆసామి ఊపిరి బిగబడతాడు.

అతిథులకు కాఫీ కంటే ముందు అందేది శాస్త్రం. పురుగు వెనుకవైపు రెండు ముళ్లుంటే మగది, మధ్యలో సూదిలాంటి మూడోది కూడా ఉంటే ఆడది. ఆ సూదిని తడి కొబ్బరిపొట్టులో గుచ్చి అది వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. కూసేది మగదే, అదీ చివరి కుబుసం విడిచి రెక్కలొచ్చాక, ముందు రెక్కలు రెండూ రాసుకుంటూ కూస్తుంది. వినే చెవి ముంగాళ్లమీద ఉంటుంది. ఈ ప్రసంగాన్ని ఆసామి భోజనాలవేళ కూడా ఆపడు. రాత్రంతా సాగే ఆ రొదకు ఇంటిల్లిపాదీ దూది వెతుక్కుంటుంటే అతడు హాయిగా నిద్రపోతాడు, ఎప్పుడైనా రొద ఆగితేనే ఉలిక్కిపడి లేస్తాడు.

ఆ ఉలికిపాటుకు కారణం లేకపోలేదు. ఇంటి ఇలకోళ్లను మూకుమ్మడిగా చంపే డెన్సోవైరస్ 2009–10 ప్రాంతంలో అమెరికా, కెనడా పెంపకశాలల్లో పాకి, కొన్నిటిని మూతవేయించింది. అది బల్లికి హాని చేయదు, ఇలకోళ్లనే తుడిచిపెడుతుంది. బల్లి ఒకపూట తినకపోతే "రేపు తింటుందిలే" అనే ఆసామి, డబ్బాలో నాలుగు పురుగులు వెల్లకిలా పడితే ఆఫీసుకు సెలవు పెడతాడు. ఎవరి కోసం ఎవరిని పెంచుతున్నాడన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు మొదటిరోజే, "ఇన్ని వేల పురుగులూ ఆ ఒక్క బల్లికేనా, బాబూ?" అని అడిగితే అతడు వినబడనట్టు డబ్బా మూత సర్దుకున్నది ఇందుకే. ఎదిగిన బల్లి రోజు విడిచి రోజు ఆరేడు పురుగులు తిని మిగతా కాలమంతా రాతి కింద పడుకుంటుంది; ఇరవై ఆడ ఇలకోళ్లు తమ ఆయుష్షులో కొన్ని వేల గుడ్లు పెడతాయి. ఈ లెక్క సరిచేయడానికి ఇంకొక బల్లిని కొనాలని ఆసామి అనుకుంటున్నాడు, ఇంట్లో ఇంకా చెప్పలేదు.

పాఠకులకు ఒక మనవి. సెలవులకు ఇండియా వెళుతూ ఆసామి తన బల్లిని అప్పగిస్తే నిశ్చింతగా పుచ్చుకోవచ్చు; డబ్బాలు అప్పగించడానికి వస్తే మాత్రం ఇంట్లో ఎవరూ లేరని చెప్పించడం మేలు.