కవరు మీది వాక్యానికి టీకా తాత్పర్యములు

అవతారిక: తగరపువలసలో గోస్తనీ వంతెనకు దగ్గర్లో, బజారులో ఒక ఫోటో స్టూడియో. గ్రంథవిస్తర భీతిచే పేరు రాయడం లేదు. చిట్టివలస జూట్ మిల్లు మూతపడినా, మిల్లు జీతాల మీద తీయించుకున్న ఫోటోలు చుట్టుపక్కల ఇళ్లలో ఇంకా ఉన్నాయి. పసుపెక్కి, మూలలు విరిగి, అవి ఒక్కొక్కటిగా ఈ కౌంటరు మీదికి చేరతాయి. వాటి కవర్ల మీద కస్టమర్లు రాసే వాక్యాలు క్లుప్తాలు, గూఢార్థ గర్భితాలు. వ్యాఖ్యానం లేనిదే కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడికి బోధపడవు.

మూలము: అమ్మ ఫోటో. బ్లాక్ అండ్ వైటే ఉంచాలి. మొకం తెల్లగా రావాలి. బొట్టు కనపడాలి. ఎనకాల మనిషిని తీసీయాలి. 12 × 18. బేగి.

ఛందస్సు: కవరు వెడల్పు ఎంతో పాదం అంత. యతి స్టాప్లర్ పిన్ను దగ్గర. ప్రాస లేదు, అడ్వాన్సూ లేదు.

టీక:

బ్లాక్ అండ్ వైటే = ఇందలి ఏకారము అవధారణార్థకము. రంగులు పూయరాదని ఆజ్ఞ. ఫోన్‌లో ఒక్క నొక్కు నొక్కితే అమ్మకు గులాబీ బుగ్గలు, పచ్చ చీర వచ్చేస్తాయి. ఆ చీర నిజంగా పచ్చదో కాదో ఫోన్‌కు తెలియదు. 1957 నాటి ‘మాయాబజార్’ 2010లో రంగులతో మళ్లీ విడుదలైంది. జనం చూసి సంతోషించారు, కాదనను. అయినా దాని కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ తీసిన వెన్నెలకు నీలం అవసరమని ఈ టీకాకారుడికి తోచలేదు.

మొకం తెల్లగా రావాలి = ఇది మూలంలోకెల్లా కఠిన స్థలము. పేరులో ఉన్న నలుపూ తెలుపూ మంచి ఫోటోలో పిసరంతే ఉంటాయి, తక్కినదంతా బూడిద రంగే. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనేవారు 1940 ప్రాంతంలో ఈ బూడిదను సున్నా నుంచి పది దాకా మెట్లు కట్టారు. సున్నా కారునలుపు, పది వట్టి కాగితం, నట్టనడుమ ఐదు. తెల్లవారి చర్మాన్ని ఆడమ్స్ ఆరో మెట్టు మీద ఉంచాడు. మన చామనచాయ ఐదుకు అటూ ఇటూగా కుదురుతుంది. కస్టమరు కోరిక మేరకు దాన్ని ఎనిమిదికి ఎక్కించామా, ముక్కు పక్క నీడ పోతుంది, నీడతో ముక్కే పోతుంది. మిగిలేవి రెండు కళ్లు, ఒక ముక్కుపుడక.

మరి ఉపాయమేమి? మొహాన్ని ఒక మెట్టు మించి లేపకుండా, వెనక గోడను రెండు మెట్లు దించాలి. పక్కది నల్లబడితే ఇది తెల్లగా కనపడుతుంది. డార్క్‌రూమ్ రోజుల్లో ఇదే పనిని ఎన్‌లార్జర్ వెలుతురుకు చెయ్యి అడ్డం పెట్టి చేసేవారు. అడ్డం పెట్టినచోట తేలిక, ఎక్కువసేపు వెలుతురు పోసినచోట చిక్కన. ముడతల కోసం టచింగ్ చేసేవారు నెగటివ్ మీదే పెన్సిల్ ఆడించేవారు. నెగటివ్‌లో ముడత పలచన గనుక, అక్కడ పెన్సిల్ పడితే ప్రింటులో ముడత సర్దుకుంటుంది. పెన్సిలు మొన అరిగేది కాబట్టి వారికి ఒక హద్దుండేది. స్లైడర్ అరగదు.

బొట్టు కనపడాలి = ఇక్కడ రెండు పక్షాలు. అసలు రంగు ఫోటో అయితే పని సులువు. రంగు తీసే మామూలు సూత్రం ఎరుపుకు 30, ఆకుపచ్చకు 59, నీలానికి 11 పాళ్ల చొప్పున లెక్క కడుతుంది. ఆ లెక్కలో కుంకుమ, నుదురు దగ్గర దగ్గరగా వచ్చి కలిసిపోవచ్చు. అప్పుడు ఎరుపు స్లైడర్ దించి, నారింజ స్లైడర్ పెంచాలి. బొట్టు నల్లబడుతుంది, మొహం తేలుతుంది. నమ్మనివారు భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల ఫోటో ఒకటి తెచ్చి చూడండి. ఎరుపు పెంచితే దిబ్బలు సున్నం కొట్టినట్టు, దించితే బొగ్గు పోసినట్టు.

కవరులో వచ్చినది పాత ప్రింటు అయితే ఆ స్లైడర్లకు పని లేదు. అందులో రంగు అన్న సమాచారమే లేదు. అలాగని బ్లాక్ అండ్ వైట్‌లో స్కాన్ చేయవద్దు, రంగులోనే చేయాలి. పసుపు మరకలు నీలం ఛానెల్‌లో భూతాల్లా లేస్తాయి, ఎరుపు ఛానెల్‌లో దాదాపు మాయమవుతాయి. ఎరుపును ఉంచుకుని తక్కినవి వదిలేస్తే సగం పని అయినట్టే. ఇంత చేసినా, ఫ్రేము ఇంటికెళ్లగానే అద్దం మీద నుదుటి చోట నిజం కుంకుమే పెడతారు. కనుక ఈ పాదం నిష్ప్రయోజనమని కొందరు. కుంకుమ కరెక్టుగా పడాలంటే కింద గుర్తు కావాలి గదా అని మేము.

ఎనకాల మనిషిని తీసీయాలి = నవ్యులు మనిషిని చెరిపి, ఆ చోట ఏఐ చేత పరదా అల్లిస్తారు. పరదాకు లేని మడతలు, కుర్చీకి ఐదో కాలు అలా వస్తాయి. ప్రాచీనులు కోత చాలంటారు. అసలు ఫోటో 120 ఫిల్ముది, నలుచదరం. చదరాన్ని 12 × 18కి తేవాలంటే మూడో వంతు ఎలాగూ పోవాలి. ఆ మనిషి కుర్చీకి కుడిపక్కగా నిలబడ్డాడు, అమ్మ చూపు ఎడమకు. చూపు ఉన్న వైపు జాగా వదిలి కుడివైపు కోస్తే కంపోజిషనూ కుదురుతుంది, కస్టమరూ శాంతిస్తాడు. తల పైన జాగా మాత్రం ముట్టుకోకూడదు, దండ వేలాడేది అక్కడినుంచే. చివరికి కుర్చీ వీపు మీద నాలుగు వేళ్లు మిగిలాయి. అవి ఎవరివని అడగడం టీకాకారుడి పని కాదు. పక్కనున్న చెక్క గీతల్ని క్లోన్ చేసి వాటి మీదికి లాగడం వరకే.

తాత్పర్యము: ఓ స్టూడియో బాబూ! మా అమ్మను మా అమ్మలాగే ఉంచుతూ, ఆవిడ ఎన్నడూ లేనంత తెల్లగా చేసి, ఆయనను లేకుండా చేసి ఇయ్యి, అని భావము.

బేగి = శీఘ్రముగా. ఉత్తరాంధ్రలో దీనికి సాయంత్రం అని అర్థం. ల్యాబులో బ్లాక్ అండ్ వైట్‌ను కూడా రంగుల కాగితం మీదే వేస్తారు. సరిచూడకపోతే బూడిదలోకి ఆకుపచ్చో, వంకాయ రంగో దిగుతుంది. బేగి అన్నవారు ట్యూబ్‌లైటు కింద ఓసారి చూసి పట్టుకుపోతారు. మర్నాడు పొద్దున్న గుమ్మంలో ఎండకు పెట్టి చూశాక అదే కవరు వెనకవైపున రెండో పద్యం పుడుతుంది. దాని భాష వేరు. టీక కూడా వేరే రాయాలి, అదీ ఇంట్లో పిల్లలు లేనప్పుడు.